వార్తావాచకుని స్వరం – ఉద్దానం మాట: శాంతిస్వరూప్ వార్తావాచనం నేపథ్యంగా ఒక పరిశీలన

ప్రవేశిక

టెలివిజన్ వార్త ఏకకాలంలో లిఖితం, మౌఖికం. ఎవరో రాసిన వాక్యాన్ని మరొకరు కంఠంతో పలుకుతారు. శ్రోత దానిని విన్న మాటగానే స్వీకరిస్తాడు. ముద్రిత వార్త పత్రికల సంచికల్లో నిలుస్తుంది గనుక దాని భాషను పరిశీలించడం సులువు. టెలివిజన్ వార్త పలికిన మరుక్షణంలో గాలిలో కలుస్తుంది. అయినా గత నాలుగు దశాబ్దాల్లో తెలుగువారికి ‘మంచి తెలుగు’ అంటే ఎలా ఉంటుందో నేర్పిన సాధనాల్లో టెలివిజన్ వార్త ఒకటి. అందువల్ల వార్తావాచకుని కంఠాన్ని సాహిత్య విమర్శ తన పరిధిలోకి తీసుకోవడం అవసరం.

దూరదర్శన్ తొలి తెలుగు వార్తావాచకుడు శాంతిస్వరూప్ వృత్తిజీవితం ఈ పరిశీలనకు ఒక అంచు. పలాస, టెక్కలి, ఉద్దానం తీరం రెండో అంచు. ఒకటి రాజధానిలోని స్టూడియో, మరొకటి రాష్ట్రపు ఈశాన్యపు కొస. విపత్తు, పోరాటం, వ్యాధి కారణంగా ఉద్దానం పదే పదే వార్తల్లోకి వచ్చింది. శాంతిస్వరూప్ తరం నెలకొల్పిన వార్తాస్వరంలో ఆ ప్రాంతపు మాటకు ఏ స్థానం దక్కిందన్నది ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్న.

స్వరం ఏర్పడిన తీరు

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమైంది. 1983 నవంబరు 14న శాంతిస్వరూప్ అక్కడి నుండి తొలి తెలుగు వార్తలు చదివారు. 2011లో పదవీ విరమణ చేశారు. 2024 ఏప్రిల్ 5న హైదరాబాదులో కన్నుమూశారు. ఆయన సతీమణి రోజారాణి కూడా వార్తావాచకురాలే. ఆయన నవలలు కూడా రాశారు.

ఆయన వార్తలు చదవడం మొదలుపెట్టిన నాటికి టెలిప్రాంప్టర్ లేదు. చేతిలోని కాగితాలను ముందుగా మననం చేసుకుని, కెమెరా వైపు చూస్తూ చెప్పవలసి వచ్చేది. ఈ పరిమితి ఆయన శైలిని తీర్చిదిద్దిందని భావించవచ్చు. ధారణకు అనువైన వాక్యం పొట్టిగా ఉండాలి. కర్త, కర్మ, క్రియల వరుస చెదరకూడదు. ఊపిరి తీసుకునే చోటే అర్థం ఆగాలి. శాంతిస్వరూప్ వాచనంలో వినిపించే నిదానం, అక్షరస్పష్టత, ఊనికల పొదుపు వ్యక్తిగత అభిరుచులు మాత్రమే కావు. ఒక పని పరిస్థితి నేర్పిన క్రమశిక్షణ కూడా.

దీనికి పూర్వరంగం ఆకాశవాణి. పన్యాల రంగనాథరావు, అద్దంకి మన్నార్, కందుకూరి సూర్యనారాయణ వంటి వారు ఢిల్లీ నుండి చదివిన తెలుగు వార్తలు అప్పటికే శ్రోతల చెవికి ఒక ప్రమాణాన్ని అలవాటు చేశాయి. రేడియోలో ముఖం కనిపించదు గనుక కంఠమే వ్యక్తి. టెలివిజన్‌లో ముఖం వచ్చి చేరింది. ముఖం కనిపిస్తున్నా వాచకుని సొంత భావం కనిపించకూడదన్నది కొత్త నియమం. మరణవార్తకూ, క్రీడావార్తకూ నడుమ స్వరంలో చిన్న మార్పు మాత్రమే ఉండాలి. శాంతిస్వరూప్ ఈ నియమాన్ని పాటించిన తీరు తరువాతి తరాలకు కొలబద్ద అయింది.

ఈ స్వరానికున్న విలువను తక్కువ చేయలేం. వార్త చదివేవాడు ఏ ఊరివాడో, ఏ పక్షంవాడో తెలియకపోవడం వల్ల వినేవారికి వార్త మీద నమ్మకం కుదిరింది. అయితే ఊరు తెలియని కంఠం అంటే నిజంగా ఏ ఊరిదీ కాని కంఠమేనా? అసలు చర్చ ఇక్కడ మొదలవుతుంది.

ప్రమాణభాష పుట్టిన చోటు, స్థిరపడిన చోటు

భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు మాండలికాలను నాలుగు మండలాలుగా విభజించారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల పూర్వ మండలం వాటిలో ఒకటి. ఆధునిక ప్రమాణభాషకు మధ్యకోస్తా విద్యావంతుల వాడుక ఆధారమైందన్నది భాషాశాస్త్రజ్ఞులు చాలావరకు అంగీకరించిన విషయం. పత్రికలు, పాఠ్యపుస్తకాలు, ఆకాశవాణి ఆ ప్రమాణాన్ని స్థిరపరచాయి. దూరదర్శన్ దానికి దృశ్యరూపం ఇచ్చింది. కాబట్టి వార్తావాచకుని కంఠం ఊరు లేనిది కాదు. తన ఊరిని ప్రమాణంగా చూపగలిగినది.

ఇందులో ఒక చారిత్రక వైచిత్రి ఉంది. వాడుకభాష కోసం జీవితాంతం వాదించిన గిడుగు రామమూర్తి 1863లో శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. సవరల భాషను నేర్చి, దానికి వ్యాకరణాన్నీ నిఘంటువునూ సమకూర్చారు. టెక్కలికి ఆయన పుట్టిన ఊరు ఎంతో దూరం కాదు. జనం మాట్లాడే మాటకు రాతలో చోటుండాలన్న వాదం ఈ నేల మీద బలపడింది. ఆ వాదం గెలిచాక స్థిరపడిన శిష్టవ్యావహారికంలో మాత్రం ఈ నేల పలుకు ‘యాస’గా మిగిలింది.

‘పోయింది’ని ‘పోనాది’ అనడం, ‘ఏమిటి’ని ‘ఏటి’ అనడం, ‘వచ్చేశాడు’ను ‘వచ్చీసినాడు’ అనడం పూర్వ మండలంలో నిత్యవ్యవహారం. ఇవి ఉచ్చారణలో దొర్లిన తప్పులు కావు, క్రమబద్ధమైన రూపాలు. ఒడియా సరిహద్దు కావడంతో ఇచ్ఛాపురం, మందస వైపు పలుకుబడిలో ద్విభాషా సంస్కారం కూడా కలిసింది. కాళీపట్నం రామారావు, రాచకొండ విశ్వనాథశాస్త్రి వంటి రచయితలు ఈ పలుకు అత్యంత గంభీరమైన ఇతివృత్తాలను మోయగలదని కథల్లో నిరూపించారు. సాహిత్యంలో దక్కిన ఆ గౌరవం వార్తల వరకు రాలేదు.

వాచకుడు, వక్త

వాచకుడికీ వక్తకూ భేదం ఉంది. వాచకుడు తనది కాని వాక్యాన్ని తన కంఠంతో అందరికీ చేర్చుతాడు. వక్త తన వాక్యాన్ని ఎదుట ఉన్న జనం ముఖాలు చూసి నిర్మించుకుంటాడు. జనం స్పందనను బట్టి అతని తరువాతి మాట మారుతుంది.

ఉద్దానానికి వక్తృత్వ సంప్రదాయం బలంగా ఉంది. 1909లో సోంపేట ప్రాంతంలోని బారువలో పుట్టిన గౌతు లచ్చన్న రైతు ఉద్యమాల వేదికల మీద దశాబ్దాలపాటు మాట్లాడారు. ‘సర్దార్’ అన్న పిలుపు ఆయన పేరులో భాగమైంది. బొడ్డపాడుకు చెందిన సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను రాజకీయ ప్రదర్శనగా మలిచారు. జముకు నాదం మీద ప్రధాన కథకుడు కథ నడుపుతుంటే వంతలు అందుకుంటారు, ప్రశ్నిస్తారు, విడమరిచి చెప్పించుకుంటారు. 1969 డిసెంబరులో పాణిగ్రాహి కాల్పుల్లో మరణించారు. ఆయన రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, సమకాలీన ఘటనను స్థానిక రూపంలో, స్థానికమైన మాటతో జనానికి వివరించే పద్ధతి ఒకటి ఇక్కడ టెలివిజన్ రాకకు ముందే ఉందన్నది గమనార్హం. ఒక అర్థంలో అది ఆ ఊరి వార్తాప్రసారం.

ఈ రెండు సంప్రదాయాల్లో ఏది గొప్పదన్న తీర్పు అనవసరం. వాచకుని స్వరంలో నిగ్రహం ఉంది, వంత లేదు. వక్త మాటలో వంత ఉంది, నిగ్రహం ఎప్పుడూ ఉంటుందన్న హామీ లేదు. ప్రశ్నించే వంత లేని చోట వాక్యం తనను తాను సరిచూసుకోలేదు. ఉద్దానం వార్తగా మారినప్పుడు ఈ లోటు బయటపడింది.

ఉద్దానం వార్తగా మారిన మూడు సందర్భాలు

మొదటిది భూమి. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో థర్మల్ విద్యుత్ కేంద్రాలకు వ్యతిరేకంగా సాగిన ఆందోళనల్లో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. సోంపేటలో కాల్పులు జరిగిన రోజే జాతీయ పర్యావరణ అప్పిలేట్ సంస్థ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఈ రెండు పోరాటాలకూ మధ్యలో ఉన్నది మాటల తగాదా. సోంపేట వాసులు ఆ నేలను ‘బీల’ అన్నారు. కాకరాపల్లి వాసులు ‘తంపర’ అన్నారు. నీరు నిలిచే పల్లం, చేపకూ పశువుకూ పంటకూ ఆధారమైన నేల అన్నది ఆ మాటల్లోని అర్థం. ప్రాజెక్టు పక్షపు భాషలో అదే నేల ‘పనికిరాని భూమి’ అయింది. ‘బీల’ అన్న పదాన్ని వార్తావాక్యం అర్థంతో సహా ఉచ్చరిస్తే వివాదంలో సగం వివరించినట్లే. ‘ప్రాజెక్టు భూమి’, ‘ప్రతిపాదిత స్థలం’ అన్న పదాలతో సరిపెడితే ఒక పక్షపు నిఘంటువును తటస్థభాషగా వాడినట్లే.

‘కాల్పులు జరిగాయి’ అన్న ప్రయోగం కూడా పరిశీలింపదగినదే. ప్రమాణ వార్తాభాషకు ఇది అత్యంత ప్రియమైన నిర్మాణం. పై పేరాలోనూ అది అప్రయత్నంగా వచ్చి కూర్చుంది. ‘జరుగు’ ధాతువుకు కర్తతో పని లేదు. వాన కురిసినట్లు కాల్పులు జరుగుతాయి. ఊరిమాటలో అదే విషయం సకర్మక క్రియతో వస్తుంది: ఎవరు కాల్చారో, ఎవరిని కాల్చారో చెప్పక తప్పదు. నిగ్రహంగా కనిపించే వాక్యం కొన్నిచోట్ల బాధ్యతను దాటవేసే వాక్యం కావచ్చునని ఇది సూచిస్తుంది.

రెండో సందర్భం తుపాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపాన వజ్రపుకొత్తూరు ప్రాంతంలో తీరాన్ని తాకింది. ‘తుపాను తీరం దాటింది’ అన్నది వార్తాభాషలో ముగింపు వాక్యం. అప్పటివరకు గంటగంటకూ సాగిన ఉత్కంఠ ఆ క్రియతో సమాప్తమవుతుంది. ఉద్దానం వాసికి కథ మొదలయ్యేది అక్కడే. కొబ్బరి, జీడి, పనస తోటలు కూలిపోయాయి. ఆ నష్టాన్ని ‘పంట నష్టం’ అన్న మాటతో చెప్పడం వాడుక. వరి పోతే ఒక పంటకాలం పోతుంది. కొబ్బరిచెట్టు పోతే, మళ్లీ నాటిన మొక్క కాపుకు వచ్చేవరకు ఏళ్ల ఆదాయం పోతుంది. జీడితోట కూలితే పలాస–కాశీబుగ్గలోని జీడిపప్పు పరిశ్రమకూ, అక్కడ పనిచేసే మహిళలకూ దెబ్బ తగులుతుంది. ‘సెట్లు పడిపోనాయి’ అని రైతు అన్నప్పుడు అతను చెబుతున్నది రాబోయే దశాబ్దపు లెక్క. కెమెరా మాత్రం అతని కన్నీటి దగ్గర ఆగుతుంది. లెక్క చెప్పబోయే వాక్యం మధ్యలోనే తెగిపోతుంది.

మూడో సందర్భం వ్యాధి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కూల్చుతున్నది. మధుమేహం, రక్తపోటు వంటి పరిచిత కారణాలతో పూర్తిగా వివరించలేని వ్యాధి ఇది. పరిశోధకులు నీరు, ఎండవేడి, పురుగుమందులు, జన్యువులు వంటి పలు దిశల్లో వెదుకుతూనే ఉన్నారు. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురంలో బాధితులను కలిసినప్పుడు ఈ సమస్య టెలివిజన్ తెరను విస్తృతంగా ఆక్రమించింది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం, హిరమండలం జలాశయం నుండి తాగునీరు తెచ్చే పథకం ప్రారంభమైనప్పుడు మరోసారి వార్త అయింది. నాయకుడు వచ్చినప్పుడు, భవనం తెరిచినప్పుడు వ్యాధి వార్త అవుతుంది. ఎవరూ రాని రోజున, డయాలసిస్ కోసం వారానికి రెండు మూడు మార్లు సాగే ప్రయాణంగా మాత్రమే మిగులుతుంది. నెమ్మదిగా జరిగే విపత్తుకు ‘ఘటన’ లేదు. ఘటన లేనిదానిని చెప్పే వాక్యం వార్తాభాష దగ్గర లేదు.

ఈ లోటును ‘అంతుచిక్కని వ్యాధి’ అన్న విశేషణం పూరించింది. శాస్త్రపరంగా అది తప్పు కాదు. కానీ ఏళ్ల తరబడి ఆవృత్తమయ్యేసరికి ఆ విశేషణం వివరణను వాయిదా వేసే సౌకర్యంగా మారి, ఒక ప్రాంతం మీద శాపం వంటి ముద్ర వేసింది. మరోవైపు వ్యాధిగ్రస్తులు వైద్యపరిభాషను ఎప్పుడో సొంతం చేసుకున్నారు. ‘క్రియాటినిన్’ ఇక్కడి పల్లెల్లో వాడుకమాట. ‘కిడ్నీలు పోనాయి’ అన్న వాక్యంలో ఒక వైపు ఆధునిక వైద్యం, మరో వైపు పూర్వ మండల క్రియారూపం కలిసి నిలిచాయి. తన వ్యాధి గురించి అంకెలతో సహా చెప్పగల మనిషి తెరమీద ‘బాధితుడు’గా మాత్రమే పరిచయమవుతాడు.

యాసకు దక్కిన స్థానాలు

ప్రైవేటు వార్తా ఛానళ్లు శాంతిస్వరూప్ స్వరాన్ని రెండు దిక్కుల నుంచి విడిచిపెట్టాయి. ఒకటి, వేగం, ఉద్వేగం ప్రవేశించి నిగ్రహం సడలింది. రెండు, మాండలికానికి తలుపు కొద్దిగా తెరుచుకుంది. ఈ రెండో మార్పుకు ప్రసిద్ధ ఉదాహరణ వి6 ఛానల్‌లోని ‘తీన్మార్ వార్తలు’. తెలంగాణ పలుకు అక్కడ వార్త చెప్పే స్థానంలో కూర్చుంది. హాస్యం దాని ప్రధాన రసమే అయినా, రాజకీయాలను వ్యాఖ్యానించే అధికారం ఆ యాసకు దక్కింది. దీని వెనుక ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం కల్పించిన భాషాభిమానం ఉందన్నది స్పష్టం.

ఉత్తరాంధ్ర పలుకుకు అటువంటి స్థానం దక్కలేదు. సినిమాలో అది చాలాకాలం నవ్వించే సహాయపాత్రది. వార్తల్లో ఏడ్చే బాధితునిది. 2020లో వచ్చిన ‘పలాస 1978’ వంటి చిత్రం ఈ ప్రాంతపు మాటను కథానాయకుని నోట, కుల హింస వంటి ఇతివృత్తంలో వినిపించడం ఒక మినహాయింపు. నవ్వు, ఏడుపు – ఈ రెండింటికీ నడుమ ఉన్న విశాలమైన ప్రదేశంలో మనిషి ఆలోచిస్తాడు, లెక్కవేస్తాడు, వాదిస్తాడు, కారణం చెబుతాడు. ఆ ప్రదేశంలో ఉత్తరాంధ్ర పలుకు తెరమీద వినిపించడం అరుదు. ఒక మాండలికానికి జరిగే అన్యాయం దానిని వినిపించకపోవడంలోనే లేదు. ఒకే రసానికి కట్టివేసి వినిపించడంలోనూ ఉంది.

‘రాతిమేఘం’ సూచించే దారి

ఈ వాదాన్నంతటినీ శాంతిస్వరూప్ మీద అభియోగంగా నిలపడం న్యాయం కాదు. వార్తల ఎంపిక, రచన వాచకుని చేతిలో ఉండవు. ఒకే కేంద్రం నుండి రాష్ట్రమంతటికీ చదవవలసినప్పుడు అందరికీ అర్థమయ్యే భాష తప్పనిసరి. ప్రభుత్వ ప్రసార సంస్థలో నిగ్రహం వృత్తిధర్మం. అంతకు మించి, ఆయన వార్తావాచనానికున్న హద్దును ఆయన రచనాజీవితమే గుర్తుచేస్తుంది.

ఆయన నవల ‘రాతిమేఘం’ భోపాల్ విషవాయు దుర్ఘటనను నేపథ్యంగా తీసుకున్నది. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి జరిగిన ఆ దుర్ఘటన నాటికి ఆయన తెలుగు వార్తలు చదవడం మొదలుపెట్టి ఏడాది దాటింది. సతీసహగమనాన్ని వస్తువుగా తీసుకున్న ‘అర్ధాగ్ని’ ఆయన మరో నవల. నిగ్రహమే వృత్తి అయిన మనిషి సామూహిక దుఃఖం వైపు నవలాకారునిగా తిరిగి వెళ్లడం యాదృచ్ఛికమని కొట్టిపారేయవచ్చు. కానీ ప్రక్రియల దృష్టితో చూస్తే ఇందులో ఒక సూచన ఉంది: వార్త ఆగిపోయిన చోట మరో ప్రక్రియ అవసరమవుతుంది. మృతుల సంఖ్య చదివిన తరువాత మిగిలే జీవితం వార్తలో ఇమడదు. భోపాల్ ఒక్క రాత్రి ఘటన గనుక ముందు వార్త అయింది, తరువాత నవలకు వస్తువైంది. ఉద్దానం వ్యాధికి అటువంటి ఒక్క రాత్రి లేదు. అందువల్ల దానికి వార్త కంటే కథ, నవల, సుదీర్ఘ సంభాషణ, స్థానిక వక్తృత్వం ఎక్కువ అవసరం.

ముగింపు

వార్తావాచకుడు ప్రమాణభాషను విడిచి యాసలో చదవాలన్నది ఈ పరిశీలన ఫలితం కాదు. శాంతిస్వరూప్ కంఠం నేర్పిన స్పష్టత, నిదానం నేటి కేకల మధ్య మరింత విలువైనవి. ఆ నిదానం చదివేవాడికి దక్కినట్లే చెప్పేవాడికీ దక్కాలి. పలాస ఆసుపత్రి వరండాలోని రోగి, వజ్రపుకొత్తూరు కొబ్బరి రైతు, సోంపేట బీల గట్టున నిలిచిన మత్స్యకారుడు తమ వాక్యాన్ని క్రియ వరకూ పూర్తిచేయనివ్వడం అందులో మొదటి మెట్టు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. మధ్యలో తెంచితే దుఃఖం మాత్రమే వినబడుతుంది. ఎవరు ఏమి చేశారన్నది వినబడదు.

టెలివిజన్ తెలుగును అంచనా వేసే విమర్శకు దీని నుండి ఒక ప్రమాణం లభిస్తుంది. ఉచ్చారణదోషాలు, పరభాషాపదాలు లెక్కించడంతో ఆ విమర్శ ఆగరాదు. ఏ ప్రాంతపు పలుకు ఏ రసానికి పరిమితమైంది, ఏ నేలపేరు ఎవరి నిఘంటువు నుండి వచ్చింది, ఏ వాక్యంలో కర్త లోపించాడు అన్న ప్రశ్నలు కూడా దాని పరిధిలోవే. గిడుగు పుట్టిన నేల తన మాటను తానే చెప్పి, కారణాలతో సహా వినిపించుకోగలిగిన నాడు, 1983లో మొదలైన తెలుగు దృశ్యవార్త వ్యావహారికోద్యమపు సారాన్ని అందుకున్నట్లవుతుంది.